వాచీ మార్చాలా, బ్యాటరీ మారిస్తే చాలా?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చేశాను, మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్లి వస్తాను. 2021లో మావారు నా పుట్టినరోజుకి యాపిల్ వాచ్ ఎస్‌ఈ కొనిచ్చారు. మొదటి తరానిది, సిమ్ లేని మోడల్. ఇప్పుడు పొద్దున ఫుల్ చార్జ్ పెట్టి వెళ్లినా సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేలోపే ఆగిపోతోంది. ఆఫీసులో అందరి చేతికీ కొత్తవి ఉన్నాయి. నో-కాస్ట్ ఈఎంఐలో సిరీస్ 11 తీసుకోమంటున్నారు మావారు. పాతది అమ్మకి ఇద్దామని నా ఆలోచన. అమ్మకి 67 ఏళ్లు, అనంతపురంలో ఒక్కతే ఉంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతుంది. బీపీ, షుగర్ ఉన్నాయి. పోయినేడు బాత్రూమ్‌లో జారిపడింది. తనేమో 2,500 రూపాయలకి బీపీ, షుగర్ రెండూ చూపించే వాచీ ఆన్‌లైన్‌లో ఉందట, అది కొనిపెట్టమంటోంది. ఇంకో సంగతి. రోజూ లేవగానే గాఢ నిద్ర ఎంతసేపు పట్టిందో వాచీలో చూసుకుంటాను. తక్కువ చూపిస్తే ఆ రోజంతా టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ముందు మీ అమ్మగారి సంగతి మాట్లాడుకుందాం. కొత్త వాచీ కొనడానికి మీరు చెప్పుకుంటున్న కారణాల్లో సగం, పాతది ఆవిడకి పనికొస్తుందన్నదే. అది పనికిరాదు. యాపిల్ వాచ్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌తో జత చేయడం కుదరదు, ఐఫోన్ ఉండాల్సిందే. ఇంట్లో ఒకరి ఐఫోన్ నుంచే పెద్దవాళ్ల వాచీని కూడా సెట్ చేసే వీలు ఒకటి ఉంది గానీ, దానికి సిమ్ పనిచేసే మోడల్ కావాలి. మీది సిమ్ లేనిది. కాబట్టి పాతది అమ్మకి, కొత్తది నాకు అనే లెక్క కుదరదు. ఇక ఆవిడకి ఏం కావాలో వేరుగా, మీకేం కావాలో వేరుగా చూడాలి.

ఆ 2,500 రూపాయల వాచీ మాత్రం దయచేసి కొనకండి. ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇది డబ్బు దండగతో పోయే విషయం కాదు. చర్మానికి సూది తగలకుండా రక్తంలో చక్కెర కొలుస్తామని చెప్పే స్మార్ట్‌వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో జనానికి హెచ్చరిక జారీ చేసింది. అలా సొంతంగా షుగర్ కొలిచే వాచీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. వాచీ వెనకాల వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎగసిపడే తీరును పట్టుకుంటుంది. గుండె కొట్టుకునే వేగం చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. దాన్నుంచి షుగర్ అంకె తీయడం మాత్రం దాని వల్ల కాదు. అయినా ఆ వాచీలు తెర మీద 118 అనో 126 అనో చూపిస్తాయి. చూడటానికి నమ్మేట్టుగా ఉండే అంకెలే. షుగర్ నిజంగా పడిపోయి చెమటలు పడుతున్నప్పుడు కూడా వాచీ 120 చూపించిందనుకోండి, అమ్మగారు ఏమీ తినకుండా పడుకుంటారు. నా భయమంతా అదే.

బీపీ సంగతీ అంతే. చేతికి పట్టీ బిగించి గాలి కొట్టకుండా బీపీ చెప్పడం పెద్ద కంపెనీలకే ఇంకా పూర్తిగా చిక్కలేదు. సామ్‌సంగ్ వాచీల్లో ఆ సదుపాయం ఉన్నచోట కూడా నాలుగు వారాలకోసారి మామూలు బీపీ మెషీన్‌తో సరిచూసి సెట్ చేసుకోవాలి. మెషీన్ ఎలాగూ ఇంట్లో ఉండాలన్నప్పుడు ఆ మెషీన్‌తోనే చూసుకోవచ్చు కదా.

కాబట్టి ఆ డబ్బుతో భుజానికి కట్టే డిజిటల్ బీపీ మెషీన్ ఒకటి కొనండి, మణికట్టుకి కట్టేది వద్దు. షుగర్‌కి గ్లూకోమీటర్, స్ట్రిప్పులు. మెషీన్ కొనేముందు అమ్మగారి భుజం చుట్టుకొలత టేపుతో కొలిచి, ఆ సైజుకి సరిపోయే కఫ్, అంటే గాలి నిండే పట్టీ, ఉన్నది చూడండి. కఫ్ బిగుతైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వాడే పద్ధతి మీరు వెళ్లినప్పుడు ఒకసారి దగ్గరుండి నేర్పించండి. కాఫీ తాగి అరగంటైనా గడవాలి. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. మన ఇళ్లల్లో ఏం జరుగుతుందంటే, వంటింట్లోంచి పరుగున వచ్చి, పక్కవాళ్లతో మాట్లాడుతూనే పట్టీ కట్టించుకుంటారు. ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మెషీన్ కూడా తీసుకెళ్లి, ఆయన చూసిన బీపీతో పోల్చుకుంటే మెషీన్ ఎంతవరకు సరిగ్గా ఉందో తెలిసిపోతుంది.

జారిపడటం గురించి రాశారు. వాచీ నిజంగా మేలు చేయగలిగిన చోటు ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. చెయ్యి విసురుగా కదలడం, వెంటనే గట్టిగా తగలడం, ఈ రెండింటినీ లోపలి సెన్సర్లు కలిపి చూసి మనిషి పడ్డారని వాచీ అనుకుంటుంది. యాపిల్ వాచీలో అయితే ముందు మణికట్టు మీద తట్టి, మోగి, బాగానే ఉన్నారా అని అడుగుతుంది. ఒక నిమిషం పాటు మనిషిలో కదలిక లేకపోతే ఎమర్జెన్సీ నంబరుకి తనే ఫోన్ చేసి, మీరిచ్చిన నంబర్లకి ఎక్కడున్నారో మెసేజ్ పంపుతుంది. వయసు 55 దాటిందని నమోదు చేసి ఉంటే ఈ సదుపాయం దానంతటదే ఆన్ అవుతుంది. సామ్‌సంగ్ గెలాక్సీ వాచీల్లోనూ, గూగుల్ పిక్సెల్ వాచీల్లోనూ ఇలాంటిదే ఉంది. ఇవి రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లతో నడుస్తాయి కాబట్టి అమ్మగారికి ఇటువైపే చూడాలి.

కానీ ఒక రోజు ఆవిడ ఎలా గడుపుతారో ఊహించుకోండి. ఫోన్ హాల్లో టీవీ పక్కన చార్జింగులో ఉంటుంది. ఆవిడ మిద్దె మీద వడియాలు ఆరబెడుతుంటారు. సిమ్ లేని వాచీకి ఫోన్ బ్లూటూత్ అందేంత దగ్గర్లో ఉంటేనే కాల్ వెళ్తుంది, మధ్యలో గోడలుంటే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. అందుకని కొంటే సిమ్ ఉన్న మోడలే కొనాలి, ఆవిడ వాడే నెట్‌వర్క్ ఆ వాచీకి ఈ-సిమ్ (విడిగా కార్డు వేయకుండా లోపలే పనిచేసే సిమ్) ఇస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. రెండోది, చాలామంది పెద్దవాళ్లు స్నానానికి వెళ్లేటప్పుడు వాచీ తీసి కిటికీలో పెడతారు. ఆవిడ పడింది బాత్రూమ్‌లోనే. మూడోది చార్జింగ్. రోజూ రాత్రి తీసి, చార్జర్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, పొద్దున మళ్లీ పెట్టుకునే ఓపిక ఆవిడకి ఉందా? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా ఇరవై, ముప్ఫై వేలు పెట్టకండి. ముందు ఎవరి దగ్గరైనా ఉన్న పాత ఫిట్‌నెస్ బ్యాండ్ ఒకటి ఇచ్చి, ఒక నెల రోజులు స్నానానికి కూడా తీయకుండా పెట్టుకుంటారేమో చూడండి. పెట్టుకుంటే అప్పుడు మంచిది కొనివ్వండి, ఆ డబ్బు సార్థకమవుతుంది.

ఈలోపు బాత్రూమ్ గోడకి స్టీలు కడ్డీ బిగించండి, కింద జారని మ్యాట్ వేయండి, రాత్రి లేస్తే దారి కనిపించేలా చిన్న లైటు పెట్టించండి. ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని బీపీ మాత్రల వల్ల కూర్చుని ఒక్కసారిగా లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. పడిన రోజు ముందు కళ్లు తిరిగాయా, లేక నేల తడిగా ఉండి కాలు జారిందా అని అమ్మగారిని మెల్లగా అడగండి. కళ్లు తిరిగాయంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు మీ వాచీ. మీరు చెప్పిన ఇబ్బంది ఒక్కటే, సాయంత్రానికి చార్జ్ అయిపోవడం. ఫీచర్ ఏదీ చాల్లేదని మీరు రాయలేదు. వాచీలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్యాటరీ, ఆ తర్వాత బ్యాటరీ హెల్త్ నొక్కండి. ఒక శాతం కనిపిస్తుంది. యాపిల్ లెక్క ప్రకారం వాచీ బ్యాటరీ వెయ్యిసార్లు పూర్తిగా చార్జ్ అయి దిగాక కూడా 80 శాతం సామర్థ్యం ఉండాలి. 2021 నుంచి దాదాపు రోజుకోసారి చార్జ్ పెడుతున్నారంటే ఆ వెయ్యి ఎప్పుడో దాటి ఉంటుంది. మీకు 80 కంటే తక్కువే కనిపిస్తుందని నా అంచనా. అదే నిజమైతే వాచీకి వేరే జబ్బు లేనట్టే, బ్యాటరీ మారిస్తే మళ్లీ రాత్రి వరకు వస్తుంది. 80కి పైనే ఉంటే మాత్రం ఏదో యాప్ వెనకాల చార్జ్ తినేస్తోందని అర్థం. సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ అనేదాన్ని ఆపేసి రెండు రోజులు చూడండి.

బ్యాటరీ మార్పించేది మాత్రం అధీకృత సర్వీస్ సెంటర్లోనే. ఎస్పీ రోడ్డులో తక్కువకి చేస్తారు, ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి ఆ రోడ్డు మంచిదే, కాదనను. కానీ ఈ వాచీని తెరవాలంటే అద్దం అంటించిన జిగురు ఊడదీయాలి. తిరిగి అంతే పకడ్బందీగా అంటించకపోతే నీళ్లు ఆపే శక్తి పోతుంది. జూన్‌లో బెంగళూరు వానకి స్కూటర్ మీద తడిసే మీకు అది చాలా అవసరం.

మరి కొత్తది కొంటే మీకు అదనంగా ఏమొస్తుంది? ఇక్కడ నిజాయితీగా మీ రోజును చూసుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూటర్ నడుపుతుంటే ఫోన్ మోగింది. బ్యాగులోంచి తీయకుండా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మణికట్టు వైపు ఒక్క చూపు చూస్తే అది పిల్లల స్కూలా, లోన్ అమ్మేవాళ్లా అని తెలిసిపోతుంది. దారి తెలియని చోట మలుపు దగ్గర చేతి మీద తడుతుంది, ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించుకోనక్కర్లేదు. తెల్లవారుజామున పక్కన పడుకున్నవాళ్లకి తెలియకుండా మిమ్మల్ని ఒక్కరినే లేపుతుంది. స్టవ్ మీద పాలు పెట్టి, పిండి చేతులతోనే ఎనిమిది నిమిషాలు టైమర్ పెట్టమంటే పెడుతుంది. సోఫా కిందో దుప్పట్లోనో ఉండిపోయిన ఫోన్‌ని మోగిస్తుంది. స్మార్ట్‌వాచీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది రోజూ నిజంగా వాడుకునేవి ఇవే. వీటిలో ఒక్కదానికి కూడా సిరీస్ 11 అక్కర్లేదు. మీ ఎస్‌ఈ అన్నీ చేస్తుంది, రాత్రి దాకా చార్జ్ ఉంటే.

పైగా ఆ పాత వాచీనే కొత్తదానిలా అనిపించేలా చేసే పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఐఫోన్‌లో వాచ్ యాప్ తెరిచి నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. కిందకి వెళ్తే యాప్‌ల జాబితా వస్తుంది. ఫుడ్ డెలివరీ ఆఫర్లు, షాపింగ్, న్యూస్ యాప్‌లు అన్నీ ఆపేయండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుని ఫోన్లోనే మ్యూట్ చేయండి. కాల్స్, ఇంటివాళ్ల మెసేజ్‌లు, క్యాలెండర్, గేటు దగ్గర ఎవరైనా వస్తే చెప్పే యాప్, ఇవి చాలు. చెయ్యి రోజుకి నాలుగైదుసార్లే అదిరితే ప్రతిసారీ చూడాలనిపిస్తుంది. యాభైసార్లు అదిరితే ముఖ్యమైనది కూడా చూడకుండా వదిలేస్తారు.

సిరీస్ 11లో ఎక్కువున్నవి: ఈసీజీ, రక్తంలో ఆక్సిజన్, చెయ్యి ఎత్తకుండానే వెలుగుతూ ఉండే తెర, 24 గంటల బ్యాటరీ, ఇంకా రక్తపోటు ఎక్కువ ఉండే సూచనలు కనిపిస్తే హెచ్చరించడం. ఈ చివరిది 30 రోజుల సమాచారం చూసి హెచ్చరిస్తుందే తప్ప బీపీ అంకె చెప్పదు. ఈసీజీ విషయానికొస్తే, వాచీ పక్కనుండే తిప్పే గుండీ మీద వేలు పెట్టి 30 సెకన్లు ఆగితే గుండె లయ తప్పిందో లేదో చెబుతుంది. ఆసుపత్రిలో తీసేది 12 లీడ్ల ఈసీజీ, అంటే గుండెని 12 కోణాల నుంచి చూసేది, ఇది ఒక్క లీడ్‌ది. గుండెపోటును ఇది గుర్తించలేదని యాపిలే చెబుతుంది. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది మీ ఆఫీసులో కొత్త వాచీలున్న అందరికీ చెప్పండి.

గుండె లయ తప్పితే దానంతటదే హెచ్చరించే సదుపాయం, అంటే ఈసీజీ లేకుండా పచ్చ లైటుతోనే పనిచేసేది, మీ ఎస్‌ఈలో ఇప్పటికే ఉంది. దాని మీద అమెరికాలో 4,19,297 మందితో చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. మొత్తం మీద అలాంటి హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. 65 దాటినవాళ్లలో 3 శాతం పైచిలుకు ఉంటే, 40 లోపు వాళ్లలో చాలా తక్కువ. మీకు 36. గుండె దడ తరచుగా వస్తోందనో, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండె లయ సమస్య ఉందనో డాక్టరు గమనించమంటే ఈసీజీ ఉన్న వాచీ కొనడంలో అర్థముంది. లేకపోతే కొన్న వారం ఇంట్లో అందరికీ తీసి చూపించి, తర్వాత దాని జోలికి వెళ్లరు.

నిద్ర టెన్షన్ గురించి రాశారు కదా, అది కొత్త వాచీతో తగ్గదు, పెరుగుతుంది. గాఢ నిద్ర అని వాచీ చెప్పేది చెయ్యి కదలికలు, గుండె వేగం చూసి వేసే అంచనా. నిద్ర దశలు నిజంగా తెలియాలంటే తలకి తీగలు అంటించి మెదడు సంకేతాలు చూడాలి, అది స్లీప్ ల్యాబ్‌లో జరిగే పరీక్ష. కాబట్టి దశల లెక్క వదిలేసి, ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు అనే రెండూ మాత్రం వారానికోసారి చూసుకోండి. అవి వాచీ బాగానే పట్టుకుంటుంది. లేవగానే మాత్రం చూడకండి. మొహం కడుక్కుని, కాఫీ తాగి, ఒంట్లో ఎలా ఉందో మీకు మీరు చెప్పుకున్నాకే చూడండి. గురక ఎక్కువ ఉండి పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే డాక్టరుని కలవండి, వాచీ ఏం చూపించినా సరే. పది వేల అడుగుల గురించి కూడా ఎవరైనా ఒత్తిడి పెడితే, ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క పరికరం పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా శ్రమ. వారానికి ఐదు రోజులు కుందలహళ్లి చెరువు చుట్టూ అరగంట చురుగ్గా నడిస్తే ఆ 150 అయిపోతాయి.

డబ్బు సంగతి. 2025లో విడుదలైనప్పుడు సిరీస్ 11 ధర 46,900 రూపాయల దగ్గర మొదలైంది, మూడో తరం ఎస్‌ఈ 25,900 దగ్గర. నో-కాస్ట్ ఈఎంఐ అన్నా చాలా కార్డుల మీద ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి, ఒక్కసారే కట్టేవాళ్లకి దొరికే డిస్కౌంట్ కూడా కొన్నిసార్లు పోతుంది. బిల్లు వేయించేముందు మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేసి చూడమని మీవారికి చెప్పండి.

నా సలహా ఇది. ముందు బ్యాటరీ హెల్త్ చూడండి, సర్వీస్ సెంటర్లో మార్చడానికి ఎంతో అడగండి. ఆ ఖర్చు కొత్త ఎస్‌ఈ ధరలో మూడో వంతు లోపు ఉంటే మార్పించి ఇంకో రెండేళ్లు హాయిగా వాడుకోండి. మీ వాచీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 10 దగ్గరే ఆగిపోయింది, 2024లో వచ్చిన 11 నుంచి దానికి అప్‌డేట్లు లేవు, నిజమే. కొత్త ఫీచర్లు రావు, మీరు వాడుకునేవి మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఖర్చు ఎక్కువ చెబితేనో, అద్దం పగిలి ఉంటేనో, అప్పుడు కొత్తది కొనండి, అదీ మూడో తరం ఎస్‌ఈ. ఎప్పుడూ వెలుగుతూ ఉండే తెర అందులోనూ ఉంది, చార్జ్ కూడా తొందరగా ఎక్కుతుంది. ఈసీజీ, ఆక్సిజన్ ఉండవు, మీకు అవి లోటు అనిపించవు. రెండింటి మధ్య మిగిలే 21,000 రూపాయల్లో అమ్మగారి బీపీ మెషీన్, గ్లూకోమీటర్, బాత్రూమ్ కడ్డీ అన్నీ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది. మీవారికి ఈ లెక్క చూపిస్తే ఆయన కాదనరనే నా నమ్మకం.

కొనేముందు హెబ్బాళ దగ్గర మాల్ ఆఫ్ ఏషియాలో 2025 సెప్టెంబరులో తెరిచిన యాపిల్ దుకాణానికి ఒక ఆదివారం వెళ్లి రెండు సైజులూ చేతికి పెట్టి చూసుకోండి. పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చేటట్టయితే ఫోన్లోని వాచ్ యాప్‌లోంచి అన్‌పెయిర్ చేసే (ఫోన్‌తో జత విడదీసే) ఇవ్వండి, లేకపోతే లాక్ మీ పేరు మీదే ఉండిపోయి తర్వాతివాళ్లకి తెరుచుకోదు. బెల్టులు మాత్రం ఇవ్వకండి. 40 మిల్లీమీటర్ల మోడల్ బెల్టులు కొత్త 40 సైజు ఎస్‌ఈకి, 44వి 44కి సరిగ్గా సరిపోతాయి.